‘అది కాదు’ మాస్టారు

సంగీత కేంద్రం మాస్టారి దగ్గరికి వెళ్ళి, అడిగిన వాద్యంతో తిరిగొచ్చిన పిల్లలు ఆ ఊళ్ళో లేరు. గిటార్ కావాలని వెళ్ళినవాడు వయొలిన్‌కంటే కాస్త పెద్దదైన వయోలా మోసుకుంటూ వచ్చేవాడు. ఫ్లూట్ అడిగిన పిల్ల తనకంటే జానెడు పొడుగున్న డబుల్ బేస్ పక్కన నిలబడి, దీన్ని ఇంటికెలా చేర్చాలా అని బిక్కమొహం వేసేది. డ్రమ్స్ ఇప్పించకపోతే అన్నం తిననని ఇంట్లో గెలిచినవాడు ఇక్కడ ఓడిపోయి, ఓబో అనే సన్నపాటి గొట్టం పట్టుకుని మెట్లు దిగేవాడు. పిల్లలు నోరు తెరవడం ఆలస్యం, ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి “అది కాదు” అనేవారు. దాంతో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం లేకుండా పోయింది. ఊరందరికీ ఆయన ‘అది కాదు’ మాస్టారు.

మాస్టారు అనడమే తప్ప, ఆయన ఎవరికీ ఒక్క స్వరం నేర్పిన పాపాన పోలేదు. పాఠాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ఊళ్ళో పిల్లలకి వాద్యాలు అరువివ్వడం, ఎవరికి ఏ టీచరు, ఏ రోజు, ఏ గది అని కుదర్చడం, శనివారం సాయంత్రం అందర్నీ ఒక హాల్లో చేర్చి కలిపి వాయింపించడం ఆ కేంద్రం పని. ఆ పనంతా లైబ్రరీ వెనక మేడమీద ఒక పొడుగాటి గదిలో ఆయనొక్కరి నెత్తిమీద నడిచేది. గదినిండా నేల నుంచి కప్పు దాకా నల్లటి పెట్టెలు, మధ్యలో ఒక సందు, సందు చివర బల్ల, బల్ల వెనక ఆయన. సన్నటివాళ్ళు నేరుగా వెళ్ళేవాళ్ళు. లావుపాటి తల్లిదండ్రులు పక్కకి తిరిగి వెళ్ళేవాళ్ళు.

ఒకసారి ట్రాఫిక్ పోలీసాయన కొడుకుని వెంటబెట్టుకుని, అలా పక్కకి తిరిగే వచ్చాడు.

“మావాడికి కీబోర్డు పాఠాలు కుదర్చండి.”

“అది కాదు.”

“ఏది కాదు? నేనింకా కూర్చోనన్నా లేదు!”

“కూర్చోండి. ఏం బాబూ, బడిలో మధ్యాహ్నం నీ పక్కన కూర్చుని ఎవరు తింటారు?”

పిల్లాడు తన బూట్ల వంక చూసుకున్నాడు. తండ్రికి ఒళ్ళు మండింది. “కీబోర్డుకీ తిండికీ సంబంధం ఏంటండీ?”

“నువ్వు ఆటకి ఆలస్యంగా వెళ్ళావనుకో. నీకోసం ఆగుతారా, మొదలెట్టేస్తారా?”

“మొదలెట్టేస్తారు” అన్నాడు పిల్లాడు, చెప్పీ చెప్పనట్టు.

“ట్యూబా” అన్నారు మాస్టారు. అని, ఏనుగు తలకాయంత ఇత్తడి సరంజామాని పెట్టెలోంచి తీసి పిల్లాడి ఒళ్ళో పెట్టారు. చెయ్యెత్తి లారీల్ని ఆపే పోలీసాయన ఆ మనిషిని మాత్రం ఆపలేకపోయాడు.

అందరి దగ్గరా ఇదే తంతు. వేళ్ళు చూసేవారు కాదు, చెవి పరీక్షించేవారు కాదు. బడి ఫొటోలో ఏ మూల నిలబడ్డావు, జ్వరమొచ్చి మానేస్తే ఎవరొచ్చి అడిగారు, పుట్టినరోజులకి నిన్ను పిలుస్తారా అని ఆరా తీసేవారు. ఈయనకి కాస్త తిక్క ఉందని తల్లిదండ్రులు ఒకరికొకరు సైగ చేసుకునేవాళ్ళు. అలాగని పిల్లల్ని మాన్పించేవాళ్ళు కాదు, ఎందుకంటే ఊళ్ళో ఇంకో కేంద్రం లేదు.

ఈ మనిషిని ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఎరిగింది టైలరమ్మ. లైబ్రరీ ఎదుట సందులో, ఒక ఇంటి మెట్లకింద ఆవిడ కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. భర్త సిటీబస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. కేంద్రంలో పెట్టెలు పగిలిన వాద్యాలకి గుడ్డసంచులు కుట్టే పని చాలా ఏళ్ళుగా ఆవిడదే. మాస్టారు వాద్యాన్ని దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి, కటింగ్ బల్లమీద పడుకోబెట్టేవారు.

“నల్ల గుడ్డ వెయ్యనా మాస్టారూ?”

“అది కాదు.”

“పోనీ బూడిదరంగు?”

“అది కాదమ్మా.”

అరలో ఉన్న గుడ్డలన్నీ కిందికి దిగి, బల్లంతా నిండి, ఆవిడకి చెమటలు పట్టాక, ఆయన తాపీగా మొదట చూపించిన నల్లగుడ్డ మీద వేలు పెట్టి “ఇదే వెయ్యి తల్లీ” అనేవారు. టైలరమ్మ కత్తెర ఎత్తి చూపించేది. ఆయన నవ్వుకుంటూ పారిపోయేవారు.

వాద్యం అడిగిన పిల్లలతో ఆయన జీవితంలో ‘అదే’ అన్నది ఒక్కసారి. అది టైలరమ్మ పెద్దకూతురి విషయంలో.

పెద్దది గలగలా మాట్లాడే పిల్ల. అది ఉన్నచోట నవ్వు ఉండేది. సాయంత్రమయ్యేసరికి సందులో పిల్లలందరూ కొట్టు గుమ్మం ముందు చేరి దాన్ని పిలిచేవాళ్ళు. అది ఆ పెట్టెల సందులో గెంతుకుంటూ వెళ్ళి “నాకు వయొలిన్ కావాలి” అంటే, మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. టైలరమ్మ నవ్వు ఆపుకుంటూ ఆ మాట కోసం ఎదురుచూసింది. ఆయన పిల్లని కాసేపు చూసి, ప్రశ్నలేవీ అడక్కుండానే “అదే” అన్నారు. టైలరమ్మ ఇంటికొచ్చి, పెద్దదాని గౌనుకని కొన్న నీలం గుడ్డలో మిగిలిన ముక్కతో ఆ వయొలిన్‌కి సంచీ కుట్టింది. పిల్లలు పెరిగేకొద్దీ వయొలిన్లు మార్చాలి గనక, మూడు సైజులు మారింది. సంచీ మడతలు విప్పుతూ, అంచులు జోడిస్తూ టైలరమ్మ దాన్ని కూడా పెంచుతూ వచ్చింది.

ముప్పావు సైజు వయొలిన్ దగ్గర పెద్దది ఆగిపోయింది. ఒక వానాకాలం జ్వరం వచ్చింది, తగ్గుతుందన్నారు, తగ్గలేదు. అంతే. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి టైలరమ్మకి ఎప్పుడూ నోరు రాలేదు, మనకీ వద్దు.

వయొలిన్ నీలం సంచీతో సహా బీరువా మీదికెక్కింది. అది కేంద్రం వస్తువు, తిరిగి ఇవ్వాలి. పాఠాలు మానేసిన ఇళ్ళకి మాస్టారు స్వయంగా వెళ్ళి, వాద్యం చేతికొచ్చేదాకా సోఫాలో బైఠాయిస్తారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక ఇంట్లో అయితే పెళ్ళిచూపులు జరుగుతుంటే మధ్యలో కూర్చుని, క్లారినెట్ ఇచ్చేదాకా కదల్లేదట. అలాంటి మనిషి టైలరమ్మ కొట్టుకి వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. వయొలిన్ మాట మాత్రం ఎత్తలేదు. పైగా ఆవిడ ఏ గుడ్డ చూపించినా “అదే, అదే” అని తల ఊపేసేవారు. ఆ మాట వింటే ఆవిడకి దుఃఖం ఇంకా పొంగుకొచ్చేది. ఆయన వెళ్ళాక మిషను మీద తలపెట్టి ఏడ్చేది.

ఇక చిన్నకూతురు. చిన్నది ఇంట్లో ఉందో లేదో తెలిసేది కాదు. అక్క ఉన్నప్పుడు అక్క వెనక నడిచేది. అక్క పోయాక ఎవరి వెనక నడవాలో తెలియక, కొట్టులో బీరువాకీ గోడకీ మధ్య స్టూలు వేసుకుని కూర్చునేది. తిను అంటే సరే, చదువు అంటే సరే, పడుకో అంటే సరే. ఎదురు చెప్పని పిల్ల అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. తల్లి దాని జడ వేస్తూ కూడా బీరువా మీదికే చూసేది. చిన్నది అద్దంలోంచి ఆ చూపు చూసేది.

కొత్త యూనిఫాం కుట్టడానికి టైలరమ్మ చిన్నదాన్ని నిలబెట్టి చేతికి టేపు పెట్టింది. భుజం నుంచి మణికట్టు దాకా ఎంతుందో చూసి, మళ్ళీ కొలిచింది. ఆ కొలత ఆవిడకి కంఠతా వచ్చు. సరిగ్గా పెద్దదాని చెయ్యి.

“నువ్వు వయొలిన్ నేర్చుకుంటావా అమ్మా?”

“సరే.”

బీరువా దుమ్ము దులిపి, నీలం సంచీ దింపి, ఆవిడ చిన్నదాన్ని వెంటబెట్టుకుని కేంద్రం మేడ మెట్లెక్కింది. ఆ ఇంట్లో మళ్ళీ ఆ చప్పుడు వినబడుతుందని, ఎన్నాళ్ళకో ఆవిడ కాళ్ళలో హుషారొచ్చింది.

“మాస్టారూ, చిన్నదానికి పాఠాలు కుదర్చండి. వయొలిన్ మా దగ్గరే ఉంది కదా.”

మాస్టారు కళ్ళజోడు పైకి తోశారు. సంచీ వంక చూశారు, చిన్నదాని వంక చూశారు.

“అది కాదు” అన్నారు.

టైలరమ్మ నవ్వింది. “మీ వేళాకోళం తర్వాత మాస్టారూ.”

“వేళాకోళం కాదమ్మా. ఏం తల్లీ, బడినుంచి ఆలస్యంగా వస్తే నిన్ను ఎవరు వెతుకుతారు?”

చిన్నది తల్లి మొహం చూసింది. ఆలోచించింది. “నేను ఆలస్యంగా రానండీ” అంది.

మాస్టారు లేచి, పెట్టెల సందులోకి వెళ్ళి, ఎక్కడో అడుగునుంచి ఒక పొడుగాటి పెట్టె లాక్కొచ్చారు. అందులో పిల్లల సైజు బసూన్ ఉంది. బసూన్ అంటే ముదురు రంగు చెక్కతో చేసిన లావుపాటి గొట్టం. దానికో వంకర ఇత్తడి మూతి. మెడలో పట్టీ వేసుకుని ఊదాలి. ఊళ్ళో అది ఒక్కటే ఉంది, అన్నాళ్ళుగా దాన్ని అడిగినవాళ్ళు లేరు.

“దీన్నా!” టైలరమ్మ నీలం సంచీని దగ్గరికి హత్తుకుంది. “మా పెద్దదానికి అడిగిందే ఇచ్చారు కదా మాస్టారూ!”

“ఇచ్చానమ్మా.”

“దీనికేం తక్కువైంది మరి?”

ఆయన బసూన్ మెడపట్టీ సరిచేసి చిన్నదాని మెడలో వేశారు. “నీకిది సరేనా తల్లీ?” అని చిన్నదాన్ని అడిగారు. అది ఏమందో చెప్పక్కర్లేదు.

ఆ రోజునుంచి టైలరమ్మకి ఆ మనిషంటే గిట్టకుండా పోయింది. నా బిడ్డ జ్ఞాపకాన్ని బీరువా మీదికే పంపేశాడు, నలుగురినీ ఆడించినట్టు నన్నూ ఆడించాడు అని కుమిలిపోయింది. ఆయన తర్వాత వారం దుప్పటిమూట పట్టుకొస్తే తలెత్తకుండా “మిషను పాడైంది” అంది. అంటూనే తొక్కుతోంది. ఆయన ఆ పాడైన మిషను చప్పుడు కాసేపు విని, “బాగయ్యాక కబురుచెయ్యి తల్లీ” అని మూట ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఇంట్లో బసూన్ మోత మొదలైంది. మొదట్లో అది దున్నపోతు ఆవలించినట్టు వచ్చేది. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. బస్సు డ్రైవరు మాత్రం అన్నం తింటూ తల ఎత్తి, “గేరు పడనప్పుడు మా బండీ ఇలాగే అంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కమ్మా” అన్నాడు. చిన్నది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దాని నవ్వు విని ఎంత కాలమైందో తండ్రికి తట్టింది. తల్లికి ఆ మోతలో లేని చప్పుడే వినబడుతోంది.

నెలలు గడిచాక మోత కాస్తా పాటలోకి దిగింది. ఆ పాటని శనివారం హాల్లో అందరూ కలిసి వాయించాలట. టైలరమ్మ ఒక్కసారీ వెళ్ళి వినలేదు. ఒక శనివారం చిన్నది మెడపట్టీ వేసుకుంటుంటే, ఆవిడ మిషను ఆపేసింది. పెద్దది ఇదే వేళకి నీలం సంచీ భుజానేసుకుని వెళ్ళేది.

“ఇవాళ వద్దులే. చొక్కాలకి గుండీలు కుట్టాలి, సాయం చెయ్యి.”

చిన్నది పట్టీ మీద చెయ్యి అలాగే ఉంచి ఒక్క క్షణం నిలబడింది. “సరే” అంది. స్టూలు లాక్కుని సూదిలో దారం ఎక్కించింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగి దారం రంధ్రంలో పడటం లేదు. తల్లి చూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెళ్ళమని అనలేకపోయింది.

ఇంకా నాలుగు గుండీలైనా పడకముందే సందు మొదట్లో గోల వినబడింది. టైలరమ్మ మెట్లకిందినుంచి తొంగిచూస్తే, లైబ్రరీ ఎదుట రోడ్డుమీద ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. పోలీసాయన రెండు చేతులూ చాచి బస్సుల్ని ఆపుతున్నాడు. ఆయన వెనకనుంచి పిల్లలు, పిల్లలు, ఇంకా పిల్లలు. వయోలాలు, క్లారినెట్లు, వాద్యం హాల్లోనే వదిలి, దాన్ని వాయించే కమాను మాత్రం పట్టుకుని పరిగెత్తినవాళ్ళు. డబుల్ బేస్‌ని ఇద్దరు శవాన్ని మోసినట్టు మోసుకొస్తున్నారు. అందరి ముందూ పోలీసాయన కొడుకు, ట్యూబాలో సగం మునిగి రొప్పుతున్నాడు. ఆ మందంతా కొట్టు ముందు ఆగింది.

“బసూనూ! ఓ బసూనూ!”

చిన్నది లేచి నిలబడింది. నిలబడి, వెనక్కి తిరిగి చూసింది.

ఆ గుమ్మంలో పిల్లలు చేరి పిలిచారంటే, పిలుపు ఎప్పుడూ తన వెనకున్నవాళ్ళకే. అక్క పోయి ఇంతకాలమైనా దానికి ఆ అలవాటు పోలేదు. వెనక బీరువా ఉంది, గోడ ఉంది. టైలరమ్మకి గుండె చెరువైపోయింది. బిడ్డ ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఎక్కడ కూర్చుని ఉందో ఆవిడకి అప్పుడు కనబడింది.

“నిన్నేనే తల్లీ” అంది. బయటికి చెయ్యి చూపించింది. “నిన్నే పిలుస్తున్నారు.”

“నువ్వు రాకపోతే ఎలా అక్కా?” అన్నాడు ట్యూబా పిల్లాడు. “పాట మొదలెట్టేది నువ్వే కదా. ఇందాకట్నుంచీ అందరం నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం!”

“మేం మొదలెట్టలేం” అంది డబుల్ బేస్ కాళ్ళ వైపు పట్టుకున్న పిల్ల, కోపంగా. “ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు.”

అంత కోపంగా చిన్నదాన్ని ఎవరూ ఎప్పుడూ కసురుకోలేదు. అది మొహం చేటంత చేసుకుని, బసూన్ పెట్టె పట్టుకుని, తల్లిని అడగడం కూడా మర్చిపోయి ఆ మందలో కలిసిపోయింది. పోలీసాయన మళ్ళీ బస్సులాపాడు.

అందరూ వెళ్ళాక కొట్టు ముందు మిగిలింది మాస్టారు. పిల్లల్ని అందుకోలేక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతున్నారు.

“నేనేం చెప్పలేదమ్మా. వాళ్ళే లేచొచ్చేశారు. బసూన్ ముందు పలికే పాట తియ్యమని టీచర్ని బతిమాలడం మాత్రం నా పనే.”

“ఎందుకని ఆ రోజే నాకు చెప్పలేదు మాస్టారూ?”

“ఏమని చెప్పను? నీ పిల్ల కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు అని తల్లి మొహాన అంటానా? పెద్దదానికి ఏ వాద్యమిచ్చినా ఒకటే తల్లీ, నలుగురూ దాని చుట్టూ చేరతారు. చిన్నదానిలాంటివాళ్ళకి, తాము లేకపోతే మొదలవనిది ఒకటి ఉండాలి.” ఆయన మెట్టుమీద కూలబడ్డారు. “నా చిన్నప్పుడు గిటార్ అడిగాను. అడగ్గానే ఇచ్చారు. గదినిండా గిటార్లే. నేను వెళ్ళడం మానేస్తే ఎవరూ చూసుకోలేదు.”

“అందుకా మీకేదీ వాయించడం రాదు?”

“అందుకే.”

లైబ్రరీ వెనకనుంచి, గేరు సరిగ్గా పడ్డ బండిలా, బసూన్ ఒక్కటే సన్నగా మొదలైంది. దాని వెనక మిగతావన్నీ అందుకున్నాయి. టైలరమ్మ పాట అయ్యేదాకా విని, లోపలికెళ్ళి నీలం సంచీ తెచ్చింది.

“ఇది మీదే మాస్టారూ. తీసుకోండి.”

“అది కాదు” అన్నారు ఆయన చటుక్కున.

“ఏది కాదు? వెనకాల మీ కేంద్రం ముద్ర కూడా ఉంది.”

“ముద్రలదేముందమ్మా, ఎవరైనా వేసుకుంటారు.”

ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. సంచీలోంచి వయొలిన్ తీసి, పమిట చెంగుతో తుడిచి, ఆయన ఒళ్ళో పెట్టింది. “ఎవరైనా పిల్లలు వాయించాలి దీన్ని. సంచీ మాత్రం నేనుంచుకుంటాను.”

ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి జారి ముక్కుమీద పడింది. వయొలిన్‌ని జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకున్నారు.

“ఇంతకీ ఎవరికిస్తారు?”

“వయొలిన్ తప్ప ఇంకేదైనా అడిగినవాళ్ళకి” అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం టైలరమ్మ బసూన్‌ని కటింగ్ బల్లమీద పడుకోబెట్టి టేపు పెట్టింది. దాని పాత పెట్టె ఎప్పుడో బీటలు వారింది, సంచీ మాత్రం ఇంకా కుట్టలేదు. ఆవిడ మిషను ఆ మధ్య పాడైంది కదా మరి. చిన్నది స్టూలు బీరువా పక్కనుంచి బల్ల దగ్గరికి జరుపుకుని, మోచేతులు ఆనించి చూస్తోంది. ఆవిడ అలవాటు కొద్దీ నీలం గుడ్డ తీసి పరిచింది.

“ఇది వెయ్యనా?”

చిన్నది నోరు తెరిచింది. ఆ ‘సరే’ పెదాల దాకా వచ్చింది కూడా. గుడ్డ వంక చూసింది, తల్లి వంక చూసింది.

“అది కాదు” అంది.

టైలరమ్మ చేతిలో టేపు జారిపోయింది. “ఏంటీ?”

“అది కాదమ్మా. అది అక్కది.”

ఆకుపచ్చ తీసింది, అదీ కాదట. గళ్ళగుడ్డ కూడా కాదట. బల్లంతా గుడ్డలతో నిండిపోతోంది. ఇంత చేసి చివరికి మొదటిదే అంటుందేమోనని ఒక పక్క భయపడుతూనే, టైలరమ్మ నవ్వుకుంటూ స్టూలెక్కి పై అరలోవి కూడా దింపింది.